నా పాలు చెడ్డవన్నారు

నాకింకా కోపం తగ్గలేదు. తగ్గేదాకా ఆగి రాస్తే అందరినీ క్షమించేసినట్టు రాస్తాను, అది అబద్ధమవుతుంది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. మా అమ్మాయికి నాలుగేళ్ళు నిండాయి. నా ఎడమ రొమ్ము కింద కత్తిగాటు మచ్చ తెల్లబడింది. ఆడదానివై ఉండి ఇట్లాంటివి కాగితం మీద పెడతావా అని అడిగేవాళ్ళు ఉంటారు. అడగండి. సిగ్గుపడి నోరు మూసుకుని పడుకున్నందుకే నా బిడ్డ చావబోయింది. ఆ సిగ్గు మీరే ఉంచుకోండి.

కడుపుతో ఉన్నవాళ్ళు చదవండి. చదువు రాకపోతే ఎవరిచేతనైనా చదివించుకోండి. మీ అమ్మలూ అత్తలూ పక్కన ఉన్నప్పుడు చదివించుకుంటే ఇంకా మంచిది.

ఫాల్గుణం: పురిటి గది

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు ఫాల్గుణంలో నాకు తొలికాన్పు అయింది. మా పుట్టిల్లు ఇంకొల్లు దగ్గర పల్లె. మిరపకోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. కళ్ళం నిండా కాయ, వాకిట్లో కాయ, వసారాలో గోతాలు. పురిటి గది తలుపు తీస్తే చాలు, ఘాటు కొట్టి తుమ్ములు వచ్చేవి. పచ్చి బాలింత తుమ్మితే ఎట్లా ఉంటుందో కన్నవాళ్ళకు తెలుసు. ఆ రోజుల్లో ఇంట్లో మగవాళ్ళ ధ్యాసంతా కాయ మీదే. నన్నూ నా బిడ్డనూ నాయనమ్మకు అప్పగించేసి వాళ్ళు కళ్ళానికి పోయారు.

నాయనమ్మ అంటే మా నాన్నను కన్నతల్లి. డెబ్భై దాటినా ఇంటి పెత్తనం ఆవిడదే. మా అమ్మ ఆ ఇంటికి కోడలుగా వచ్చి పాతికేళ్ళు దాటింది. అయినా పొయ్యిలో కట్టె పెట్టాలన్నా అత్తగారి మొహం చూసేది.

మంత్రసాని పాపను తుడిచి నా పక్కన పడుకోబెట్టగానే అది నోరు తెరిచి తల అటూ ఇటూ తిప్పింది. నేను రైక ముడి విప్పబోయాను. నాయనమ్మ నా చేయి పట్టుకుంది.

"ఆగవే. ఇప్పుడొచ్చేవి ముర్రుపాలు. బిడ్డకు పడితే అరగవు. పిండి పారబొయ్యాలి."

పిండించింది కూడా. పసుపుపచ్చగా చిక్కగా వచ్చిన వాటిని గోడకేసి కొట్టించింది. అదే ఇంట్లో గేదె ఈనితే ఆ పాలతో జున్ను వండి గిన్నెల్లో పెట్టి ఇల్లిల్లూ పంచుతారు. దూడకు కడుపు నిండా తాగనిచ్చాకే చెంబు పట్టుకుని కూర్చుంటారు. దూడకు అరిగేది నా కూతురికి అరగదట. పాపకు ఆముదం నాకించి, పటికబెల్లం నీళ్ళలో గుడ్డవత్తి ముంచి నోట్లో పెట్టారు.

మూడోనాటికి రొమ్ములు రాళ్ళయ్యాయి. అప్పుడు పట్టమన్నారు. బాలింత లేచి కూర్చోకూడదని పడుకోబెట్టే పట్టించారు. వత్తి చీకడానికి అలవాటు పడ్డ పిల్ల, బిర్రుగా ఉన్న రొమ్ము నోటికి పట్టక, చనుమొన కొసను మాత్రం పెదాలతో పట్టుకుని నమిలేది. నాకు ప్రాణం పోయేది. దుప్పటి నోట్లో కుక్కుకుని కాలివేళ్ళు ముడుచుకుని పడుకునేదాన్ని. పాప కాసేపు చీకి, ఏమీ రాక ఏడ్చి, అలిసిపోయి నిద్రపోయేది. నిద్రపోయింది కదా, కడుపు నిండిందనేవాళ్ళు. ఇంతలోనే లేచి మళ్ళీ ఏడ్చేది. నేను దాహమంటే కాచిన నీళ్ళు ఒక గుక్కెడు పోసేవాళ్ళు. ఎక్కువ తాగితే బాలింతకు పొట్ట జారుతుందట.

"అమ్మా, చాలా నొప్పిగా ఉందే. ఏదో తప్పు జరుగుతోంది" అన్నాను.

"ఊరుకోవే. లోకంలో నువ్వొక్కదానివే కన్నావా? ఓర్చుకో" అంది అమ్మ.

ఓర్చుకున్నాను. ఓర్పు ఆడదానికి నగ అంటారు. పెట్టుకునేవాళ్ళు పెట్టుకోండి. నాకు మాత్రం చనుమొనలు రెండూ పగిలి నెత్తురొచ్చింది.

ఒక పొద్దున పాప కక్కింది. కక్కిన పాలలో ఎర్రటి చార. అది నా పగుళ్ళలోంచి కారిన నెత్తురు, ఇంకేమీ కాదు. నాయనమ్మ ఆ గుడ్డను వాకిట్లోకి పట్టుకెళ్ళి ఎండలో చూసింది. కాయలేరుతున్న కూలీ ఆడవాళ్ళకు చూపించింది. లోపలికొచ్చి మా అమ్మతో అంది.

"పాలు చెడ్డయ్యి. నీ పోలికే వచ్చింది దీనికి. చీమనేసి చూడాల."

ఈ చీమ సంగతి తెలియని వాళ్ళుంటారు కాబట్టి చెబుతున్నాను. మా వైపు కొన్ని ఇళ్ళల్లో తల్లిపాల మీద అనుమానం వస్తే, మూకుట్లోకి కాసిని పిండి అందులో చీమను వేస్తారు. చీమ బయటికి పాకితే పాలు మంచివి. చస్తే విషం. నాకంటే ముందు మా అమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. రెండుసార్లూ చీమ చచ్చింది. పాలు మాన్పించారు. పిల్లలిద్దరూ పోయారు. అప్పటికే విషం ఒంటికి పట్టేసిందన్నారు. నేను పుట్టినప్పుడు వేసిన చీమ అంచెక్కిందట, అందుకని నాకు పాలిచ్చారు, నేను బతికాను. ఇంట్లో ఎన్నోసార్లు చెప్పుకున్న కథే ఇది. చెప్పినప్పుడల్లా మా అమ్మ అక్కణ్ణుంచి లేచి ఏదో పని ఉన్నట్టు వెళ్ళిపోయేది.

మూకుడు తెచ్చారు. అమ్మే పిండింది. నాయనమ్మ గోడవార నుంచి ఒక గండుచీమను పట్టుకొచ్చి పాల మధ్యలో వదిలింది. అది కాళ్ళు కొట్టుకుంది, గిరగిరా తిరిగింది, ఆగిపోయింది. నాయనమ్మ పుల్లతో కదిపి చూసింది. అమ్మ మొహంలో నెత్తురు లేదు. నా పక్కలోంచి పాపను ఎత్తుకుపోయింది.

శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. మా ఇంట్లో చీమ ఆజ్ఞ లేనిదే పిల్లకు పాలు లేవు.

పాపకు మేకపాలు మొదలుపెట్టారు. చిక్కనివి అరగవని నీళ్ళు గుమ్మరించి, ఉగ్గుగిన్నెతో పోశారు. నాకు పాలు ఎండిపోవాలని మల్లెమొగ్గలు తెప్పించి, రెండు రొమ్ముల మీదా పరిచి, పాత పంచె చింపి ఊపిరాడనంత బిగించి కట్టారు. గోరుచుట్టు మీద రోకటిపోటు ఇదే. లోపల పాలు ఊరుతూనే ఉన్నాయి, బయటికి దారి లేదు. పక్క గదిలో పాప ఏడిస్తే చాలు, కట్టు కింద సలసలా పొంగేవి. "ఒక్కసారి ఇయ్యండి, ఒక్కసారి" అని అరిచేదాన్ని. "నీ బిడ్డను నువ్వే చంపుకుంటావా?" అనేది నాయనమ్మ తలుపు అవతల నుంచి. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెతను ఎవరో నాలాంటి ఇంట్లోనే కట్టి ఉంటారు.

కట్టిన మొగ్గలు నా ఒంటి వేడికి రాత్రికల్లా విచ్చుకుని, తెల్లారేసరికి కుళ్ళేవి. ఇప్పటికీ మా ఇంట్లోకి మల్లెపూలు రానివ్వను. ఎవరైనా ముచ్చటగా తెచ్చినా వీధిలోనే ఉంచమంటాను.

మర్నాటికి చలిజ్వరం వచ్చింది. ఎడమ రొమ్ము ఎర్రగా మండింది, తాకనిచ్చేది కాదు. "పాలజ్వరం, అదే పోతుంది" అని పసుపు పట్టు వేశారు. పోలేదు.

పురుడు నాడు

పదకొండో రోజు పురుడు. నీళ్ళు పోశారు. నిలబడలేక గోడ పట్టుకున్నాను. మా ఆయన పర్చూరు నుంచి ఆ పొద్దే వచ్చారు. నెమ్మది మనిషి. అత్తవారింట్లో మంచినీళ్ళు కావాలన్నా అడగలేక దాహంతో కూర్చునే రకం. ఆ నెమ్మదితనం మీద కూడా నాకు కోపమే, కానీ ఆ రోజు మాత్రం ఆయన్ని తిట్టడానికి లేదు.

పాపను ఆయన చేతుల్లో పెట్టారు. ఆయన ఆడించలేదు, నవ్వలేదు. చేతుల్లో పైకీ కిందికీ ఎత్తి చూశారు.

"ఇదేందండీ అత్తయ్యగారూ, ఇంత తేలిగ్గా ఉంది?"

 నాయనమ్మ అందుకుంది. "మీ ఆవిడ పాలు విషం నాయనా. మేమున్నాం కాబట్టి ఈ మాత్రమన్నా దక్కింది."

ఆయన పాప తల నిమిరితే వేలు మాడు మీద గుంటలో దిగింది. అప్పటికి పాపకు నీళ్ళ విరేచనాలు. ఏడుపు కూడా పిల్లికూన అరిచినంతే వస్తోంది. ఆయన పురిటి గదిలోకి వచ్చేశారు. మగవాళ్ళు రాకూడదంటున్నా వచ్చేశారు. నా నుదుటి మీద చెయ్యి వేసి, మళ్ళీ బయటికి పోయి మా నాన్నతో ఒంగోలు తీసుకుపోతానన్నారు.

"ఇప్పుడెక్కడ అల్లుడూ! బండ్లన్నీ కళ్ళంలో ఉన్నయ్యి. మబ్బు పట్టేట్టుంది. కాయ గోతాలకెక్కించి రెండ్రోజుల్లో నేనే తీసుకుపోతా" అన్నాడు మా నాన్న.

"మీ కాయ తడిస్తే మళ్ళీ ఏడు పండుద్ది మామయ్యా" అన్నారు మా ఆయన.

అంతకంటే పెద్ద మాట ఆయన ఆ ఇంట్లో ఎప్పుడూ అనలేదు. తనే వెళ్ళి కళ్ళంలోంచి బండి తోలుకొచ్చారు. కడిగే తీరిక లేదు. మిరప తొక్కుల మీద గోతం పరిచి నన్ను పడుకోబెట్టారు. అమ్మ పాపను పట్టుకుని ఎక్కింది. బండి కదులుతుంటే నాయనమ్మ వెనకాలే నడిచి, "దారిలో రొమ్మియ్యనివ్వబాకు. కనిపెట్టుకుని ఉండు" అని అమ్మను హెచ్చరించింది. అమ్మ తలూపింది.

రోడ్డు దగ్గర బస్సెక్కాం. దారి పొడుగునా పాప మూలుగుతూనే ఉంది. నేను చేయి చాపితే అమ్మ రెండో పక్కకు తిప్పుకునేది. నాకు పాలు కట్టు దాటి చీరంతా కారిపోతున్నాయి, అరచేతి దూరంలో నా బిడ్డ ఆకలితో ఉంది, మధ్యలో నన్ను కన్నతల్లి కాపలా. ఆ బస్సులో నేను మా అమ్మను అసహ్యించుకున్నాను. నిజం రాస్తానన్నాను కాబట్టి రాస్తున్నాను.

ఒంగోలు: ఆసుపత్రి వరండా

ఒక లేడీ డాక్టరు నడిపే ఆసుపత్రి అది. డాక్టరమ్మ ఏదో కాన్పులో ఉంది, కూర్చోమన్నారు. వరండా నిండా జనం. రెండు బల్లలు ఉంటే వాటి మీద తోడు వచ్చినవాళ్ళు కూర్చున్నారు, రోగులు నేల మీద కూర్చున్నారు. నా దగ్గర కుళ్ళిన మల్లెపూల వాసన, చీము వాసన. పట్టుచీర కట్టుకున్న ఒకావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, తన పిల్లల్ని ఇటు రావద్దని కసిరింది. ఇంకొకావిడ, "ఏం జబ్బమ్మా? అంటుకునేదా?" అని మా అమ్మను అడిగింది. మా ఆయన లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. ఎవరిని అడిగినా "కూర్చోండి" అన్న ఒక్కటే జవాబు.

నా పక్కన నేల మీద కొత్తపట్నం నుంచి వచ్చిన బెస్తామె కూర్చుని ఉంది. ఏడాది కొడుకుని ఒళ్ళో వేసుకుని పాలిస్తోంది, వాడి కాలికి పుండు. ఆమె కాసేపు పాప మూలుగు విని, కొడుకుని పక్కన దించింది.

"అమ్మాయ్, పిల్లకి ఆకలేస్తంది. ఇట్టాగియ్యి" అంది.

"అక్కర్లేదు. మేం పట్టాం" అంది మా అమ్మ. అబద్ధం. పొద్దుటి నుంచి ఉగ్గుగిన్నెడు మేకపాలు కూడా దిగలేదు. అమ్మ బాధ ఆకలి గురించి కాదు, కులం గురించి. మేం ఏం తాకుతామో ఏం తాకమో అదంతా నాయనమ్మ అమ్మ తలలోకి ఎక్కించే పంపింది.

అమ్మ ఒళ్ళోంచి పాపను నేనే లాక్కుని ఆమెకిచ్చాను. చెయ్యెత్తితే ఎడమ రొమ్ములో కత్తి దిగినట్టయింది. అయినా ఇచ్చాను. పాపకు పట్టుకునే ఓపిక కూడా లేదు. ఆమె విసుక్కోలేదు. చుక్క చుక్కగా పెదాల మీద పిండింది. పాప నాలుక కదిలింది. తర్వాత నోరు కదిలింది. మా అమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది.

"నీ పేరేంటక్కా?" అని అడిగాను.

"పేరుతో ఏం పనిలే, పిల్ల తాగతంది చూడు" అంది.

ఆ తర్వాత లోపలి నుంచి మమ్మల్ని పిలిచారు. మళ్ళీ బయటికొచ్చేసరికి ఆమె లేదు. ఆమె ఆ వరండాలో లేకపోతే డాక్టరమ్మ వచ్చేదాకా నా కూతురి ప్రాణం నిలిచేది కాదు, ఆ మాట తర్వాత డాక్టరమ్మే చెప్పింది.

చైత్రం: వార్డు

డాక్టరమ్మ కట్టు విప్పి పూలు చూసింది. మేం ముగ్గురం ఉన్నామని కూడా చూడకుండా తిట్లు లంకించుకుంది.

"ఎవరు కట్టారిది? పిల్లకి పాలు మాన్పించి తల్లికి కట్టు కడతారా? కళ్ళంలో పశువుని కూడా ఇట్లా చెయ్యరు."

"పాలు చెడ్డాయండీ. చీమ చచ్చింది" అంది అమ్మ మెల్లగా.

డాక్టరమ్మ అమ్మ వైపు చూసింది. "మీరు బయటికి నడవండి" అంది.

మత్తు సరిగ్గా ఎక్కకముందే ఎడమ రొమ్ములో చీముగడ్డ కోశారు. దాని గురించి ఎక్కువ రాయను. లోపలున్నదంతా బయటికొచ్చాక ఒక్కసారిగా చల్లబడినట్టయింది, పెన్సిలిన్ సూదులతో నాలుగైదు రోజులకు జ్వరం దిగింది. పాపకు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళేవో చర్మం కింద ఎక్కించారు. రెండు మంచాల మధ్య మా ఆయన పడుకునేవారు. పాప బతుకుతుందా అని ఎవరిని అడిగినా, చూద్దాం అనేవాళ్ళు. ఆ చూద్దాం అన్న మాటను నేను ఇప్పటికీ ఓర్చుకోలేను. చీర కొనడానికైనా సరే, ఎవరైనా చూద్దాం అంటే ఒళ్ళు మండుతుంది.

పాప కాస్త కోలుకున్నాక డాక్టరమ్మ దాన్ని తెచ్చి నా కుడి పక్కన పెట్టింది. "పట్టు" అంది.  విషం అన్న మాట చెవుల్లోనే ఉంది. చనుమొనను రెండు వేళ్ళతో పట్టుకుని పాప నోట్లో కుక్కబోయాను.

"ఆగాగు. నీ పాలకి రోగమేం లేదు. పట్టడం రాకే ఇదంతా" అంది. ఆ మాటకు ముందు కోపమొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆవిడ రెండూ పట్టించుకోలేదు. లేపి కూర్చోబెట్టింది, నడుముకు దిండు పెట్టింది.

ఆవిడ నేర్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. బిడ్డ పొట్ట మీ పొట్టకు ఆనాలి. తల ఒక వైపు, ఒళ్ళొక వైపు తిరిగి ఉండకూడదు. మెడ తిప్పుకుని మీరు అన్నం మింగి చూడండి, తెలుస్తుంది. చనుమొనతో బిడ్డ పెదవిని తాకించి ఆగండి. ఆవలింతకు తెరిచినంత నోరు తెరవాలి. తెరవకముందే తొందరపడి పెట్టారో, కొసే అందుతుంది, మళ్ళీ నమలడమే. తెరిచిన క్షణంలో బిడ్డను మీ దగ్గరకు లాక్కోండి. మీరు వంగి రొమ్మును బిడ్డకు అందించకండి. మొన చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలా మటుకు నోట్లోకి పోవాలి, కింది వైపుది ఎక్కువగా పోవాలి. గడ్డం రొమ్ములో దిగబడాలి. పట్టాక కూడా నొప్పిగా ఉంటే పెదవి మూలగా చిటికెనవేలు పెట్టి విడిపించి మళ్ళీ పట్టించండి. ఓర్చుకోకండి. నొప్పి వస్తోందంటే తప్పు పట్టారని అర్థం. మా ఇంట్లో ఆ ఒక్క మాట ఎవరికైనా తెలిసి ఉంటే నా ఒంటి మీద ఈ మచ్చ ఉండేది కాదు.

మొదటి రోజు ఒకటికి పదిసార్లు విడిపించింది డాక్టరమ్మ. పాప ఏడ్చింది, నేనూ ఏడ్చాను, ఆవిడ ఇద్దర్నీ తిట్టింది. మర్నాడు మధ్యాహ్నం పాప ఆవలింత మాదిరి నోరు తెరిచింది, నేను లాక్కున్నాను, ఏదో లోతుగా పట్టుకున్నట్టయింది. కానీ నొప్పి లేదు. నొప్పి లేకపోవడం చూసి భయపడ్డాను. పాప కాసేపు గబగబా చీకి, తర్వాత నెమ్మదించింది. అప్పుడు వినబడింది, గుటక. కాసేపటికి ఇంకొకటి. గడ్డం కిందకి దిగడం, ఆగడం, గుటక. పాలు దిగుతున్నాయి.

"విన్నావా? అదీ లెక్క. పిల్ల నోట్లో పెట్టుకుని ఎంతసేపు ఉందని కాదు, మింగుతోందా అని చూడు. రోజంతా గుడ్డలు తడుపుతోందంటే కడుపు నిండుతున్నట్టే" అంది డాక్టరమ్మ. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, అది పెద్దవాళ్ళకు చెప్పిన మాట. పసిబిడ్డ ఏడ్చి అడిగేదాకా ఆగొద్దనీ, తల తిప్పుతూ గుప్పిట నోట్లో పెట్టుకున్నప్పుడే పట్టమనీ చెప్పింది. నన్ను కడుపునిండా నీళ్ళు తాగమంది. చెంబెడు నీళ్ళు ఒక్క గుక్కలో తాగేశాను.

కోసిన వైపు కూడా చేత్తో పిండి తీయించింది, పుండు ఆరుతుండగా అటు వైపు కూడా పట్టించింది. మా అమ్మ వార్డు గుమ్మంలో నిలబడి చూసేది. దగ్గరకొచ్చేది కాదు. నేను రమ్మనలేదు.

వైశాఖం: పుట్టిల్లు

ఒంగోలు నుంచి తిన్నగా పర్చూరు పోతానన్నాను. మూడో నెల వచ్చి, చీరె సారె పెట్టి పంపేదాకా బాలింత పుట్టింట్లోనే ఉండాలని మా అత్తగారు కూడా కబురు పెట్టారు. అట్లా మళ్ళీ అదే ఇంటికి, అదే గదికి వచ్చాను. అప్పటికి పాప బుగ్గలు తేలాయి, తొడల మీద మడతలు పడ్డాయి.

నాయనమ్మ దాన్ని చూసి, "మేకపాలు పనిచేసినయ్యి" అంది.

నేను వసారాలో కూర్చుని పాపకు పట్టబోయాను. అక్కడ రంగు పోయిన తాలుకాయ ఏరుతూ నలుగురు ఆడవాళ్ళు ఉన్నారు. నాయనమ్మ మూకుడు పట్టుకొచ్చి నా ముందు పెట్టింది.

"ఒంగోల్లో ఏం చేశావో నాకు తెలవదు. నా ఇంట్లో మాత్రం చూడకుండా పట్టనివ్వను."

"చూద్దువుగాని. ముందు నీ గేదె పాలు తీసుకురా" అన్నాను.

అర్థం కాక చూసింది. నేనే లేచి, పాపను చంకనేసుకుని, వంటింట్లో కాచి చల్లార్చిన గేదెపాలు చెంబుతో తెచ్చి మూకుట్లో పోశాను. గోడవార గండుచీమను పట్టి నడిమధ్యలో వేశాను. కాళ్ళు కొట్టుకుని చచ్చింది. కాయలేరేవాళ్ళు చేతులాపి దగ్గరకు జరిగారు.

"పొద్దున నువ్వు తాగినవి ఇవే. ఇంకా బతికే ఉన్నావేం నాయనమ్మా?" అన్నాను.

ఒకావిడ కిసుక్కున నవ్వింది. నాయనమ్మ మొహం ఎర్రబడింది. "గేదె సంగతి వేరు. నిన్ను కన్నప్పుడు మీ అమ్మ పాలల్లో చీమ బతకలేదా ఏం?" అంది.

అదే చెంబులోవి అవే పాలు. ఇంకో చీమను పట్టి ఈసారి అంచు దగ్గర వదిలాను. అది తడబడి, మూకుడు గోడ అందుకుని, పైకి పాకి వెళ్ళిపోయింది. మధ్యలో వేస్తే చస్తుంది, అంచున వేస్తే బతుకుతుంది. ఇంతకంటే ఏమీ లేదు ఇందులో. నన్ను కన్నప్పుడు ఎవరి చేయో కాస్త పక్కకు పోయింది, అంతే.

"ఎంత పొగరే నీకు! డాక్టర్లు చెడగొట్టి పంపారు" అని నాయనమ్మ లేచి లోపలికి పోయింది. నాకు ఆనందంగా ఉంది. గెలిచాననుకున్నాను. ఊళ్ళో ఇంకెంతమంది పెత్తనాల ముసలమ్మలున్నారో అందరి వాకిళ్ళలోనూ ఇదే చెయ్యాలనుకున్నాను.

అప్పుడు చూశాను, వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి చూస్తోందో తెలియదు. నెమ్మదిగా వచ్చి మూకుడు ముందు కూర్చుంది. తనే ఒక చీమను పట్టి మధ్యలో వేసింది. అది ఆగిపోయేదాకా చూసింది. ఇంకోటి పట్టి అంచున వేసింది. అది పాకి గచ్చు మీదికి దిగి పోయేదాకా చూసింది. తర్వాత పాలు పారబోసి, మూకుడు కడిగి, బోర్లించి, పనిలోకి వెళ్ళిపోయింది. నాన్న అన్నానికి వస్తే వడ్డించింది. నాయనమ్మకు కంచం పెట్టింది. 

సాయంత్రం నేను పాపకు పడుతుంటే వచ్చి నా మంచం పక్కన నేల మీద కూర్చుంది. పాప గుటకలు వినబడుతున్నాయి. అమ్మ చాలాసేపు విన్నది.

"అయితే నా పాలు మంచివేనా?" అంది.

"మంచివే" అన్నాను.

"మరి వాళ్ళిద్దరూ?"

"ఆకలితో పోయుంటారు" అన్నాను. మెత్తగా చెప్పలేదు. ఆ బస్సు నాకింకా గుర్తుంది.

అమ్మ ఏడవలేదు. చెయ్యి చాపి పాప గడ్డం కింద వేలు పెట్టింది, మింగినప్పుడల్లా కదలడం తెలిసేట్టు.

"పెద్దాడు నా వాసన తగిలితే చాలు, ఇట్టాగే నోరు తెరిచేవాడు" అంది. "చూడలేక అటు తిరిగి పడుకునేదాన్ని. రైక తడిసిపోయేది. వాడు పోయాక కూడా చాన్నాళ్ళు తడిసింది."